ఒంటిచేతి పశువైద్యుడు – ఆర్నాల్డ్ థైలరు

నోరులేని జీవికి వచ్చిన రోగమును కనిపెట్టుట మనుష్యుని రోగమును కనిపెట్టుటకంటె కష్టము. రోగి తన బాధను చెప్పుకొనజాలదు. ఆ పశువును పెంచుకొన్నవాడు చెప్పు నాలుగు మాటలు, వైద్యుని కంటి చూపు, చేతి స్పర్శ – ఇవియే అక్కడ ఆధారములు. కాకతీయ వంశజుల ఏలుబడిలో చిరకాలముండిన బస్తరు సీమలో ఈ సంగతి అందరికిని తెలియును. కొంటా, భోపాలపట్నముల వైపు తెలుగు మాట వినవచ్చు ఊళ్ళలోనేమి, లోపలి గోండు పల్లెలలోనేమి, ఒక్క ఇంటి పెరటిలోనే దుక్కిటెద్దులు, ఆవులు, మేకలు, పందులు, కోళ్ళు కలసి పెరుగును. అట్టి చోట పనిచేయు పశువైద్యుడు తాను ఫలానా జంతువునకు మాత్రమే వైద్యుడనని చెప్పుకొనుటకు వీలులేదు. ఉదయము ఈనలేక బాధపడు ఆవును, మధ్యాహ్నము పారుడు పట్టిన మేకను, సాయంకాలము పందెపు కోడికి తగిలిన గాయమును ఆయనయే చూడవలెను. వారపు సంతలో రోగిష్టి పశువొకటి చేరినచో పది ఊళ్ళకు రోగము ప్రాకుననుటయు ఆయన యెరిగియుండవలెను.

ఇట్టి పల్లె వైద్యమునుండియే బయలుదేరి, పశువైద్య శాస్త్రమునకు క్రొత్త త్రోవలు వేసిన మహనీయుడు ఆర్నాల్డ్ థైలరు. ఆయన కార్యక్షేత్రము దక్షిణాఫ్రికా. ఐనను ఆయన పేరు మన పాడి రైతులకు క్రొత్తది కాదు. పిడుదులవలన సంకరజాతి ఆవులకు వచ్చు ప్రమాదకరమైన జ్వరమును మన వైద్యులు నేటికిని థైలీరియాసిస్ అనియే పిలుచుచున్నారు.

థైలరు 1867 మార్చి 26వ తేదీన స్విట్జర్లాండులోని ఫ్రిక్ అను చిన్న ఊరిలో జన్మించెను. తండ్రి బడిపంతులు. ప్రకృతి పరిశీలనయందు ఆసక్తి కుమారునకు ఇంటనే అబ్బెను. బెర్ను, జూరిక్ నగరములలో పశువైద్యమభ్యసించి 1889లో పట్టము పొంది, కొలదికాలము స్వదేశమున ఒక చిన్న పట్టణములో వైద్యము చేసెను. అచట ఆ యువకునకు తృప్తి కలుగలేదు. 1891లో, ఇరువదినాలుగేండ్ల ప్రాయమున, బోయరుల ఏలుబడిలోనున్న ట్రాన్స్‌వాల్ దేశమునకు ఓడయెక్కెను.

చేతిలో ధనము లేదు. అచట తెలిసినవారును అంతంతమాత్రమే. ప్రిటోరియా సమీపమున ఐరీన్ అను పెద్ద వ్యవసాయ క్షేత్రములో ఆయన పనికి కుదిరెను. అచట చొప్ప కోయు యంత్రములో చిక్కుకొని ఆయన ఎడమ చేయి నలిగిపోయెను. ఆ చేతిని తీసివేయవలసి వచ్చెను. ఈనలేని ఆవు గర్భములో చేయిపెట్టి దూడను సరిచేయుటకును, బెదరు గుఱ్ఱమును అదుపులో పెట్టి గాయము కుట్టుటకును రెండు చేతులును చాలని వృత్తి అది. అట్టి వృత్తిలో ప్రవేశించిన మరునాడే ఒక చేయి పోయినచో మరియొకడు స్వదేశమునకు తిరిగిపోయెడివాడు. థైలరు పోలేదు. కృత్రిమ హస్తము తగిలించుకొని, మిగిలిన చేతితోనే కత్తిని, సూదిని, సూక్ష్మదర్శినిని వాడుట నేర్చుకొనెను. పరాయి దేశమున పేరులేని ఒంటిచేతి వైద్యుని పిలుచువారు తొలుత అరుదుగా నుండిరి.

1893లో రాండు బంగారు గనులలో మశూచి వ్యాపించెను. టీకా మందు దూరదేశమునుండి వచ్చునప్పటికి చాలినంత దొరకదు. దూడల చర్మముపై టీకా రసమును పెంచు విధానము తెలిసిన థైలరు దానిని అచటనే తయారుచేసి ఇచ్చెను. పశువుల వైద్యుడు మనుష్యుల ప్రాణములను కాపాడెనను కీర్తి ఆయనకు కలిగినది. ఆ సంవత్సరమే స్వదేశమునుండి వచ్చిన ఎమ్మా యెగ్గెను వివాహమాడెను. ఆయన పేదతనమును, ప్రయోగశాలను, దీర్ఘ ప్రయాణములను ఆమె జీవితాంతము పంచుకొనినది.

అసలు పరీక్ష 1896లో వచ్చెను. రిండర్‌పెస్టు అను పశువుల మహామారి జాంబెజీ నదిని దాటి దక్షిణమునకు దిగెను. 1880 దశకము చివర ఇటలీ సైన్యమునకై తూర్పు ఆఫ్రికాలో దింపిన పశువులతో ఈ రోగము ఆ ఖండమున నాటుకొన్నదనియు, ఆ పశువులు భారతదేశమునుండి వెళ్ళినవనియు చరిత్రకారులు పలువురు చెప్పుదురు. జ్వరము, నోట పుండ్లు, ఆగని విరేచనములు, కొలది దినములలో మరణము – ఇవి దాని లక్షణములు. బండి లాగు ఎద్దులు పడిపోవుటచే సరకుల రవాణా ఆగిపోయినది. పాలు లేవు, దున్నుటకు పశువులు లేవు. రోగము సోకిన మందలను కాల్చివేయుటయే ప్రభుత్వములకు తోచిన ఉపాయము. తమ సర్వస్వమును కళ్ళయెదుట కాల్చివేయుచుండగా పశువుల కాపరులు ఓర్వలేకపోయిరి. ఉత్తర కేప్ ప్రాంతమున త్స్వానా జనుల తిరుగుబాటునకు ఇదియు ఒక కారణమైనది. ఇంత చేసియు రోగము ఆగలేదు.

ప్రభుత్వ పశువైద్యుడుగా నియుక్తుడైన థైలరు రోడీషియాకు వెళ్ళి రోగమును స్వయముగా చూచి, రిండర్‌పెస్టేయని నిర్ధారణ చేసెను. ఒకసారి ఈ రోగమునుండి బ్రతికి బయటపడిన పశువునకు మరల అది రాదన్నది అనుభవమున తేలిన సంగతి. ఐనచో దాని రక్తమునందు రక్షణ శక్తి యేదియో ఉండితీరవలెను. నటాలు ప్రభుత్వ వైద్యుడైన హెర్బర్టు వాట్కిన్స్-పిచ్‌ఫర్డుతో కలసి ఆయన బ్రతికిన పశువుల రక్తమునుండి సీరమును తీసి, దానితో ఇతర పశువులను రక్షించు మార్గమును వెదకెను. అదే సమయమున జగద్విఖ్యాతుడైన రాబర్టు కోహ్ కేప్ ప్రభుత్వము పిలువగా కింబర్లీకి వచ్చి, చచ్చిన పశువు పిత్తరసమును ఎక్కించు పద్ధతిని 1897లో ప్రకటించెను. కాలక్రమమున సీరము పద్ధతియే మేలైనదని తేలెను. ఇతర శాస్త్రజ్ఞుల చేతిలో మెరుగులు దిద్దుకొని, సీరమును రోగపు రక్తమును ఒక్కసారి ఎక్కించు ఆ విధానము మన దేశమునకును వచ్చి, చాలకాలము వాడుకలో ఉండెను.

1899లో బోయరు యుద్ధము వచ్చినపుడు థైలరు బోయరుల ఫిరంగి దళమున గుఱ్ఱముల వైద్యుడుగా పనిచేసెను. యుద్ధానంతరము ఆంగ్లేయులు ఆయనను విడిచిపెట్టక అదే ఉద్యోగమున కొనసాగించిరి. ఏలినవారు మారినను గొడ్డు రోగములు మారవు కదా! యుద్ధములోను, మహామారిలోను పోయిన పశువులకు బదులుగా తూర్పు ఆఫ్రికానుండి క్రొత్త మందలను తెప్పించిరి. వానితోకూడ ఈస్టు కోస్టు జ్వరమను మరియొక వినాశకరమైన రోగము దిగుమతియైనది. దీనికి రక్తములోని ఒక సూక్ష్మజీవి కారణమనియు, దానిని గోధుమవర్ణపు పిడుదు ఒక పశువునుండి మరియొకదానికి మోయుచున్నదనియు నిరూపించుటలో థైలరు పాత్ర ప్రధానము. పిడుదును చంపినచో రోగము ఆగును. పశువులను మందు నీళ్ళ తొట్టిలో ముంచి తీయుట, మందల రాకపోకలను అరికట్టుట అను ఉపాయములు ఇందుండియే బలపడినవి. ఆ సూక్ష్మజీవుల జాతికి 1907లో థైలీరియా అను పేరు పెట్టబడెను. 1910లో అనాప్లాస్మా అను మరియొక పశురోగ కారకమును ఆయన వెల్లడించెను. గొఱ్ఱెల నీలి నాలుక రోగమునకు టీకాను, గుఱ్ఱపు రోగమునుండి కంచరగాడిదలను కాపాడు విధానమును కూడ ఆయనయే సిద్ధపరచెను.

1908లో ప్రిటోరియా చెంత ఒండర్‌స్టెపోర్టున ఆయన ఆలోచన ప్రకారము గొప్ప పరిశోధనాలయము వెలసెను. అచట ఆయన చేసిన పనులలో లామ్సిక్టె రోగపు కథ మిక్కిలి బోధకరమైనది. గడ్డి మైదానములలో పశువులు ఉన్నట్టుండి కాళ్ళు చచ్చుబడి కూలిపోవుచుండెను. ఏదో విషపు మొక్కయే కారణమని థైలరు చాలకాలము నమ్మెను. ఆ నమ్మకము నిలువలేదు. ఆయన దానిని పట్టుకొని వ్రేలాడక, మందల మధ్యకు వెళ్ళి అవి ఏమి మేయుచున్నవో చూచెను. పశువులు చచ్చిన జంతువుల ఎముకలను కొరుకుచుండెను. ఆ నేలలో భాస్వరము తక్కువ, గడ్డిలోను తక్కువ, శరీరమునకు చాలని దానికై పశువు ఎముకను వెదకుచున్నది. కుళ్ళిన కళేబరమునందు పుట్టిన విషము ఆ ఎముకతో లోపలికి పోవుచున్నది. 1920 నాటికి ఈ ముడి విడిపోయినది. శుద్ధిచేసిన ఎముకల పొడిని మేతలో కలిపి పెట్టుటయే దానికి మందు! పశువులు రోగమునుండి తప్పుకొనుటయే కాక, బలిసి, పాలు హెచ్చుగా నిచ్చినవి.

అంతకుముందు దక్షిణాఫ్రికా యువకులు పశువైద్య పట్టమునకై విదేశములకు పోవలసియుండెను. 1920లో ఒండర్‌స్టెపోర్టుననే పశువైద్య విద్యాశాఖ వెలసి, థైలరు దానికి ప్రథమాధిపతియయ్యెను. 1914లోనే సర్ బిరుదు లభించినది. 1927లో ఉద్యోగ విరమణ చేసి, 1936 జూలై 24వ తేదీన ఆయన కీర్తిశేషుడయ్యెను. కుమారుడు హాన్సు పశువైద్యుడాయెను. కుమార్తె గెర్ట్రూడు పిడుదుల శాస్త్రమున పేరు పొందెను. చిన్న కుమారుడు మాక్సు పచ్చజ్వరమునకు టీకా కనిపెట్టి 1951లో నోబెలు బహుమానమందెను.

ఆయన జీవితమున ఒక కొరతయు గలదు. ఆ విజ్ఞానఫలము ముందుగా తెల్లవారి క్షేత్రములకే చేరినది. సర్వము పోగొట్టుకొన్న నల్లజాతి కాపరులకు ఆలస్యముగా, అరకొరగా అందినది. ఆ దేశపు పాలనా విధానము అట్టిది. జ్ఞానము పుట్టుట ఒకయెత్తు, అది చివరి గుడిసెకు చేరుట మరియొకయెత్తు.

ఆ రెండవ పని మన దేశమున జరిగిన తీరు స్మరింపదగినది. ముక్తేశ్వరములోని పరిశోధనాలయమున ఎడ్వర్డ్సు 1920 దశకములో మేకల ద్వారా రిండర్‌పెస్టు టీకాను సాధించెను. 1954లో దేశవ్యాప్త నిర్మూలన కార్యక్రమము ప్రారంభమైనది. టీకాలు వేయువారు రోడ్డులేని పల్లెలకు నడచిపోయిరి. 1995 తరువాత ఆ రోగము మన దేశమున కనిపించలేదు. 2006లో భారతదేశము ఆ రోగమునుండి విముక్తమైనట్లు గుర్తింపబడెను. 2011లో ప్రపంచమునుండియే అది నిర్మూలమైనదని ప్రకటించిరి. మశూచి తరువాత మానవుడు భూమినుండి తుడిచివేసిన రెండవ రోగము ఇదియే. థైలరు పేరు మోయుచున్న జ్వరమునకు మన దేశమున టీకా తయారుచేయుచు వచ్చినది హైదరాబాదులోని సంస్థయగుట తెలుగువారికి సంతోషకరము.

బస్తరు అడవి బాటలో మందుల పెట్టె పట్టుకొని పోవు పశువైద్యుని పేరు ఏ గ్రంథమునను ఉండకపోవచ్చును. ఐనను ఆయన చేయు పని థైలరు చేసిన పనియే. పశువును పెంచుకొన్నవాని మాట వినుట, అది తిరుగు నేలను, మేయు గడ్డిని చూచుట, తన ఊహ తప్పైనచో వెంటనే విడిచిపెట్టుట – ఈ మూడును ఉన్నచోట ఒక్క చేయియైనను చాలునని ఆర్నాల్డ్ థైలరు జీవితము చాటుచున్నది.