అప్పులవాళ్లకు ముఖం చాటేయని జంషెడ్‌జీ టాటా

నేడు భిలాయ్ ఉక్కు కర్మాగారానికి ఖనిజం పంపే దల్లీ-రాజహరా కొండల్లో 20వ శతాబ్దం మొదట్లోనే టాటాల బృందం ఇనుము కోసం వెతికింది. దగ్గర్లో తగిన బొగ్గు లేక వెనుదిరిగింది. ఆ ఉక్కు కల జంషెడ్‌జీ టాటాది. అంతకు చాలా ముందే ఆయన దివాలా చూశారు.

1865లో అమెరికా అంతర్యుద్ధం ముగియడంతో బొంబాయి పత్తి వ్యాపారం కుప్పకూలింది. లండన్‌లో ఉన్న 26 ఏళ్ల జంషెడ్‌జీ దగ్గరి పత్రాలు చిత్తుకాగితాలయ్యాయి. ఆయన తప్పించుకు తిరగలేదు. అప్పులిచ్చినవాళ్లను కలిసి లెక్కలన్నీ ముందు పెట్టారు. వాళ్లు నమ్మి, బాకీలు తీర్చే పనిని నెలకు 20 పౌండ్ల జీతానికి ఆయనకే అప్పగించారు.

1868లో సొంత వ్యాపారం, 1877లో నాగ్‌పూర్ ఎంప్రెస్ మిల్లు మొదలయ్యాయి. 1904లో ఆయన కన్నుమూశారు. 1907లో టాటా ఉక్కు కంపెనీ మూలధనాన్ని భారతీయులే మూడు వారాల్లో సమకూర్చారు. పోయిన పరపతి అలా తిరిగొచ్చింది.