చిప్పుల ధర పడ్డప్పుడే విత్తనమేసిన లీ బ్యుంగ్ చుల్

ఇయ్యాల ర్యామ్ ఎందుకింత పిరమైందని మస్తు మంది అడుగుతున్నరు. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులను కుప్పలకు కుప్పలు కొంటున్నయి. కంపెనీలు గా సరుకు దిక్కే మళ్ళినయి. మన ఫోన్లకు, కంప్యూటర్లకు వచ్చేటివి తగ్గినయి. 2023ల మాత్రం గివే చిప్పులు అడిగేటోడు లేక కంపెనీలు నష్టాల మునిగినయి. గీ ఎగుడుదిగుడు సమజ్ కావాల్నంటే శాంసంగ్ పెట్టిన లీ బ్యుంగ్ చుల్ బతుకు తెల్సుకోవాలె అని నేనంట.

ఆయన 1910ల కొరియా దక్షిణం దిక్కు ఉయిర్యాంగ్‌ల భూములున్న ఇంట్ల పుట్టిండు. 1936ల మసాన్ పట్నంల దోస్తులతోని కలిసి బియ్యం మిల్లు పెట్టిండు. ధర పెరుగుతుంటే కొన్నడు, పడుతుంటే అమ్మిండు. మొదటేడే నష్టం. తర్వాత ఉల్టా చేసిండు. పడ్డప్పుడు కొన్నడు, పెరిగినప్పుడు అమ్మిండు. లాభమొచ్చింది. ఇగ బ్యాంకు అప్పుతోని భూములు కొన్నడు. 1937ల జపాన్, చైనా యుద్ధం మొదలైంది. బ్యాంకు అప్పులు బంద్ చేసింది, భూముల ధర కూలింది, కొన్నయన్నీ పోయినయి.

1938ల దేగు పట్నంల శాంసంగ్ పేరు మీద ఎండు చేపలు, పండ్లు, నూడుల్స్ యాపారం మొదలువెట్టిండు. కొరియా యుద్ధం ఒడిసినంక చక్కెర మిల్లు, బట్టల మిల్లు పెట్టిండు. 1969ల ఎలక్ట్రానిక్స్‌కు దిగిండు.

1983 ఫిబ్రవరిల, డెబ్బై ఏండ్లు దాటినంక, మెమరీ చిప్పులు చేస్తమని ఎలాన్ చేసిండు. అమెరికాల మైక్రాన్ కంపెనీ దగ్గర పరిజ్ఞానం కొని, గదే ఏడు ఆఖరుకు 64కె డీర్యామ్ చిప్పు తయారు చేయించిండు. గిహంగ్‌ల ఫ్యాక్టరీని ఆర్నెల్లల్ల లేపిండు.

సరుకు బజారుకొచ్చే యాల్లకు ధర కూలింది. 1984ల 4 డాలర్ల దాంక పలికిన చిప్పు 1985ల 30 సెంట్లకు పడ్డది. ఎందుకంటే, ధర మంచిగున్నప్పుడు అందరు ఒక్కపారే ఫ్యాక్టరీలు మొదలువెడ్తరు. అవి తయారయ్యేతందుకు నెలలు, ఏండ్లు పడ్తది. అన్ని కలిసి ఒక్కపారే సరుకు దింపుతయి. ధర పడ్డంక సుత మిషన్లు ఆపరు. ఫ్యాక్టరీ మీద పెట్టిన పైసలు ఎట్లైనా పోయినట్టే గదా, వచ్చినకాడికి రానీ అని నడుపుతనే ఉంటరు. ధర ఇంకింత పడ్తది.

1985ల ఇంటెల్ అసొంటి కంపెనీనే డీర్యామ్ ఇడిసిపెట్టి బయటవడ్డది. లీ మాత్రం నష్టంల ఉండంగనే కొత్త లైన్లు కట్టించిండు. 1986ల అమెరికా, జపాన్ నడుమ చిప్పుల ఒప్పందమైంది. జపాన్ సరుకు తగ్గింది, కంప్యూటర్లకు గిరాకి పెరిగింది, ధర లేసింది. 1988ల శాంసంగ్ చిప్పులకు లాభమొచ్చింది. గది చూసేతందుకు ఆయన లేడు. 1987 నవంబర్ 19న కన్నుమూసిండు. 1990ల నడుమకు రాకముందే శాంసంగ్ మెమరీల దునియాల నంబర్ వన్ అయింది.

గీ కత చెప్పేటోళ్ళు ధైర్యం ఒక్కటే చెప్తరు. నాకు గది సగం నిజమే అనిపిస్తది. చిప్పుల నష్టాన్ని చక్కెర, బట్టలు, బీమా యాపారాలు మోసినయి. ఎనుక సర్కారు అండ ఉండె. మన మిర్చి రైతు సుత ధర లేసేదాంక ఆగితే మంచిదని ఎరుకే. గానీ సేటు అప్పు ఆగది, కోల్డ్ స్టోరేజీ కిరాయి ఆగది. ఇద్దరికీ తెలివి ఒక్కటే, ఓర్సుకునే తాకతే వేరు.

అందుకే తమ్ముండ్లు, చెల్లెండ్లు, ధర ఆకాశంల ఉన్నప్పుడు ఎవలో సంపాయించిండ్రని మీరు దుంకకుండ్రి. మీ సరుకు చేతికొచ్చే యాల్లకు ధర సగమైతే ఎన్ని నెలలు నిలవడ్తరో ముందే లెక్కేసుకోండ్రి. ఒక్కనితోని కాకుంటే పదిమంది కలిసి నిలవడే తొవ్వ దేవులాడుండ్రి.