పడిన చోటే లేచిన విల్బర్ రైట్

మా మహేశ్వరం హాస్టల్ మేడ మీదికెక్కితే శంషాబాద్ వైపు దిగే విమానాలు కనిపిస్తాయి. 2008లో అక్కడ విమానాశ్రయం మొదలైనప్పటి నుండి ఇది మాకు రోజూ చూసే దృశ్యమే. స్టడీ అవర్‌లో తలెత్తి చూసినందుకు తిట్లు తిన్నవాళ్ళు కూడా మాలో ఉన్నారు. ఆ విమానాలన్నిటికీ మూలపురుషులైన రైట్ సోదరులలో పెద్దవాడు విల్బర్ రైట్ జీవితాన్ని ఈ వార్షికోత్సవ సంచికలో మిత్రులతో పంచుకోవాలనుకున్నాము.

విల్బర్ 1867 ఏప్రిల్ 16న అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో జన్మించాడు. తండ్రి చర్చిలో బిషప్. తల్లి సూసన్ పనిముట్లు పట్టి వస్తువులు తయారు చేయడంలో నేర్పరి. ఆ నేర్పు పిల్లలకు వచ్చింది. విల్బర్ చదువులో చురుకైనవాడు. కానీ హైస్కూలు చివరిలో కుటుంబం డేటన్ పట్టణానికి మారడంతో సర్టిఫికెట్ చేతికి రాలేదు. 18 ఏళ్ళ వయసులో మంచు మీద ఆట ఆడుతుండగా కర్ర ముఖానికి తగిలి ముందు పళ్ళు ఊడిపోయాయి. ఆ దెబ్బతో కాలేజీ ఆశ కూడా పోయింది. క్షయతో మంచం పట్టిన తల్లికి సేవ చేస్తూ, తండ్రి పుస్తకాలన్నీ చదువుతూ ఇంట్లోనే ఉండిపోయాడు. 1889లో తల్లి చనిపోయింది.

1892లో తమ్ముడు ఆర్విల్‌తో కలిసి సైకిల్ షాపు పెట్టాడు. ఆ షాపు లాభాలే తర్వాత వారి ప్రయోగాలకు పెట్టుబడి. 1896లో జర్మనీకి చెందిన లిలియెంతాల్ గ్లైడర్ నుండి పడి మరణించాడన్న వార్త వారిని ఆలోచింపజేసింది. గాలిలోకి లేవడం ఒక్కటే చాలదనీ, లేచాక అదుపులో ఉంచడమే అసలు విద్య అనీ విల్బర్ గ్రహించాడు.

1901లో కట్టిన గ్లైడర్ అనుకున్నంతగా లేవలేదు. విల్బర్ బాగా నిరాశపడ్డాడు. అయితే వదిలిపెట్టలేదు. పెద్దలు రాసిన లెక్కలనే అనుమానించి, ఆరడుగుల పెట్టెలోకి ఫ్యాన్‌తో గాలి పంపి, సుమారు 200 రకాల చిన్న రెక్కలను అన్నదమ్ములే పరీక్షించి కొత్త లెక్కలు రాసుకున్నారు.

1903 డిసెంబర్ 14న కిట్టీహాక్ దగ్గరి ఇసుక నేలలో, ఒకదానిపై ఒకటి రెండు వరుసల రెక్కలున్న యంత్రం సిద్ధమైంది. ముందు ఎవరు ఎక్కాలని నాణెం ఎగరవేస్తే విల్బర్ గెలిచాడు. కానీ ముక్కు మరీ ఎక్కువ ఎత్తడంతో మూడున్నర సెకన్లలోనే యంత్రం నేలకు దిగి దెబ్బతింది. తప్పు తనదేనని, యంత్రానిది కాదని ఇంటికి ఉత్తరం రాశాడు. మరమ్మతు చేసి డిసెంబర్ 17న మళ్ళీ ప్రయత్నించారు. ఆర్విల్ 12 సెకన్లలో 120 అడుగులు ఎగిరాడు. ఆ రోజు నాలుగోసారి విల్బర్ 59 సెకన్లలో 852 అడుగులు ఎగిరాడు. దిగేటప్పుడు ముందు భాగం విరిగింది. తర్వాత పెద్ద గాలికి యంత్రం పల్టీలు కొట్టి పాడైపోయింది. అది మళ్ళీ ఎగరలేదు.

ఆ తర్వాత 1908లో ఫ్రాన్సులో విల్బర్ ఎగిరి చూపినప్పుడు అంతవరకూ నమ్మనివారు కూడా నమ్మారు. 1912 మే 30న టైఫాయిడ్‌తో, 45 ఏళ్ళకే కన్నుమూశాడు. పెళ్ళి చేసుకోలేదు.

మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసినది ఆయన పోయిన 91 ఏళ్ళకు జరిగిన సంఘటన. నూరేళ్ళ పండుగ సందర్భంగా 2003 డిసెంబర్ 17న అదే చోట, అచ్చం అలాంటి యంత్రాన్నే కట్టి ఎగరవేయబోయారు. వేలాది మంది చూస్తున్నారు. వాన పడింది, తగినంత గాలి లేదు. యంత్రం పట్టా మీద పరుగెత్తి, ముక్కు ఎత్తి, లేవలేక తడి ఇసుకలో కూలబడింది. నూరేళ్ళ విజ్ఞానం, నిపుణులు అందరూ ఉండి కూడా అలా జరిగింది. సర్టిఫికెట్ కూడా లేని ఇద్దరు అన్నదమ్ములు చేసినది ఎంత కష్టమైన పనో ఆ రోజు లోకానికి తెలిసివచ్చింది.

మాలో పదో తరగతిలో లెక్కల్లో పోయి, ట్రంకుపెట్టె సర్దుకుని ఊరికి వెళ్ళిపోయినవాళ్ళున్నారు. మొహం చూపించలేక మళ్ళీ హాస్టల్ గుమ్మం తొక్కలేదు. వారికీ, ఈ ఏడు పరీక్ష రాసే తమ్ముళ్ళకూ మేము చెప్పేది ఒక్కటే. విల్బర్ పడిన రోజు సిగ్గుపడి దాక్కోలేదు. ఎందుకు పడ్డాడో కాగితం మీద రాసి, మూడో రోజుకి యంత్రాన్ని మళ్ళీ నిలబెట్టాడు. మనమూ పోయిన పేపరు ముందు పెట్టుకుని ఎక్కడ తప్పామో రాసుకుందాం. సప్లిమెంటరీ ఫీజు కట్టే గడువు దాటకముందే తిరిగి రండి. పాత బెంచీ మీద మీకు చోటు ఉంచుతాము.