తాష్కెంట్‌లో ముగిసిన ప్రస్థానం: లాల్ బహదూర్ శాస్త్రి

లాల్ బహదూర్ శాస్త్రి ప్రధానిగా ఉన్నది కేవలం 19 నెలలు. ఆ కొద్దికాలంలోనే పాకిస్థాన్‌తో యుద్ధానికి, ఆ వెంటనే శాంతికి కూడా ఆయనే బాధ్యత వహించవలసి వచ్చింది.

1904 అక్టోబర్ 2న మొఘల్‌సరాయ్‌లో జన్మించిన ఆయన పసితనంలోనే తండ్రిని కోల్పోయారు. కాశీ విద్యాపీఠంలో పొందిన శాస్త్రి పట్టమే తర్వాత ఆయన పేరులో భాగమైంది. స్వాతంత్ర్యోద్యమంలో పలుమార్లు కారాగారవాసం అనుభవించారు. 1956లో మహబూబ్‌నగర్ సమీపంలో ఘోర రైలు ప్రమాదం జరిగినప్పుడు, రైల్వే మంత్రిగా నైతిక బాధ్యత వహించి రాజీనామా సమర్పించారు. ప్రధాని నెహ్రూ దానిని ఆమోదించలేదు. అదే ఏడాది నవంబర్‌లో అరియలూరు వద్ద మరో ప్రమాదం సంభవించడంతో పదవి నుంచి వైదొలిగారు.

నెహ్రూ మరణానంతరం 1964 జూన్ 9న శాస్త్రి ప్రధాని అయ్యారు. చైనాతో యుద్ధంలో తగిలిన గాయం దేశాన్ని ఇంకా బాధిస్తున్న కాలమది. 1965 ఏప్రిల్‌లో రణ్ ఆఫ్ కచ్‌లో పాకిస్థాన్‌తో ఘర్షణలు చెలరేగగా, బ్రిటన్ చొరవతో కాల్పుల విరమణ కుదిరింది. ఆగస్టులో కశ్మీర్‌లోకి సాయుధ చొరబాట్లు మొదలయ్యాయి. భారత సేనలు ఎదురుదాడి చేసి వ్యూహాత్మకమైన హాజీపీర్ కనుమను స్వాధీనం చేసుకున్నాయి. సెప్టెంబర్ 1న పాకిస్థాన్ ఛంబ్ ప్రాంతంపై ట్యాంకులతో విరుచుకుపడింది. అఖ్నూర్ చేజారితే కశ్మీర్ లోయలోని సేనలకు సరఫరాలు ప్రమాదంలో పడతాయి. ఆ ఒత్తిడిని తగ్గించేందుకు పంజాబ్‌లో అంతర్జాతీయ సరిహద్దును దాటేందుకు శాస్త్రి అనుమతించారు. సెప్టెంబర్ 6న భారత సేనలు లాహోర్ దిశగా కదిలాయి. ఐక్యరాజ్యసమితి పిలుపు మేరకు 23న కాల్పులు ఆగాయి.

సోవియట్ ప్రధాని కొసిగిన్ మధ్యవర్తిత్వంలో శాస్త్రి, పాకిస్థాన్ అధ్యక్షుడు అయూబ్ ఖాన్ తాష్కెంట్‌లో చర్చలు జరిపి, 1966 జనవరి 10న ఒప్పందంపై సంతకాలు చేశారు. ఉభయ సేనలు ఆగస్టు 5 నాటి స్థానాలకు ఉపసంహరించుకోవాలి. దీంతో ఛంబ్ భారత్‌కు తిరిగి దక్కింది; సైనికులు ప్రాణాలొడ్డి సాధించిన హాజీపీర్‌ను వదులుకోవలసి వచ్చింది. స్వదేశంలో విమర్శలు తప్పవని తెలిసే ఆయన అందుకు సమ్మతించారు.

వాటికి సమాధానం చెప్పే అవకాశం ఆయనకు దక్కలేదు. సంతకాలు జరిగిన కొద్ది గంటలకే, జనవరి 11 తెల్లవారుజామున గుండెపోటుతో తాష్కెంట్‌లోనే కన్నుమూశారు. కొన్ని నెలల క్రితం యుద్ధభూమిలో ప్రత్యర్థిగా నిలిచిన అయూబ్ ఖాన్, కొసిగిన్‌తో కలిసి ఆయన శవపేటికకు భుజం పట్టారు. అదే ఏడాది భారత ప్రభుత్వం శాస్త్రికి మరణానంతరం భారతరత్న ప్రకటించింది. హాజీపీర్‌ను అప్పగించడం సరైనదేనా అన్న చర్చ మాత్రం నేటికీ ముగియలేదు.