అల్ బిరూనీ: కొలిచి చూశాకే కలం పట్టిన చరిత్రకారుడు

పొరుగువారి గురించి మనకు తెలిసిన సంగతుల్లో వారి నోట విన్నవి ఎన్ని? ఎవరో చెప్పగా నమ్మినవి ఎన్ని? వెయ్యేళ్ల క్రితమే ఈ ప్రశ్న వేసుకుని, జవాబు కోసం నడివయసులో పరాయి భాష నేర్చుకున్న ఒక శాస్త్రవేత్త ఉన్నారు. ఆయనే అబూ రైహాన్ ముహమ్మద్ బిన్ అహ్మద్ అల్ బిరూనీ. ఈ వారం ఆ మహనీయుని జీవితాన్ని తెలుసుకుందాం.

క్రీ.శ. 973 సెప్టెంబరులో మధ్య ఆసియాలోని ఖ్వారిజ్మ్ రాజ్యంలో, కాథ్ నగరం దగ్గర ఆయన జన్మించారు. ఆ ప్రాంతం నేడు ఉజ్బెకిస్తాన్‌లో ఉంది. అక్కడి పట్టణానికి ఇప్పుడు ఆయన పేరే పెట్టుకున్నారు. రాజకుటుంబానికి చెందిన గణితవేత్త అబూ నస్ర్ మన్సూర్ ఆయనను చేరదీసి గణితం, ఖగోళశాస్త్రం నేర్పారు. ఇంకా ఇరవై ఏళ్లు నిండకముందే బిరూనీ మధ్యాహ్న సూర్యుని ఎత్తును కొలిచి తన నగరం అక్షాంశాన్ని లెక్కగట్టారు.

995లో ఆ రాజవంశం కూలిపోయింది. బిరూనీ ఊరు విడిచి వెళ్లవలసి వచ్చింది. ఆ కష్టకాలంలోనూ ఆయన పరిశోధన ఆగలేదు. 997లో వచ్చిన ఒక చంద్రగ్రహణాన్ని కాథ్‌లో ఆయన, బాగ్దాద్‌లో ప్రసిద్ధ గణితవేత్త అబుల్ వఫా ముందుగా అనుకుని మరీ పరిశీలించారు. గ్రహణం ఏ నగరంలో ఏ వేళకు కనిపించిందో పోల్చి చూసి, ఆ తేడాను బట్టి రెండు నగరాల మధ్య రేఖాంశాల వ్యత్యాసాన్ని తేల్చారు. తంతి, టెలిఫోను లేని రోజుల్లో ఆకాశాన్నే గడియారంగా వాడుకున్నారన్నమాట.

ఈ కొలిచే అలవాటే ఆయనను చరిత్ర వైపు నడిపించింది. ఒక్కో జాతి ఒక్కో శకాన్ని, ఒక్కో క్యాలెండరును పాటిస్తుంటే ఏ సంఘటన ముందు జరిగిందో, ఏది తర్వాత జరిగిందో తేల్చడం ఎలా? కాస్పియన్ సముద్రం దగ్గరి గుర్గాన్‌లో కాబూస్ రాజు ఆశ్రయంలో ఉంటూ, క్రీ.శ. 1000 ప్రాంతంలో ‘ఆసారుల్ బాఖియా’ అనే గ్రంథం రాశారు. పారశీకులు, యూదులు, క్రైస్తవులు, అరబ్బులు, ఖ్వారిజ్మ్ వాసుల శకాలను, నెలలను, పండుగలను అందులో పక్కపక్కన పెట్టి చూపించారు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఏడేళ్లే.

1017లో సుల్తాన్ మహమూద్ గజ్నవీ ఖ్వారిజ్మ్‌ను జయించాడు. అక్కడి పండితులతోపాటు బిరూనీని కూడా తన రాజధాని గజ్నీకి తీసుకుపోయాడు. కోరి వెళ్లిన కొలువు కాదది. అయినా ఆయన చేతులు ముడుచుకుని కూర్చోలేదు. నగరాల ఉనికిని సరిగ్గా లెక్కించే పద్ధతులపై 1025లో ఒక గ్రంథం పూర్తి చేశారు. గజ్నీ నుంచి నమాజుకు నిలబడేవారికి ఖిబ్లా దిశను కచ్చితంగా తేల్చడం కూడా అందులోని లక్ష్యాల్లో ఒకటి.

పంజాబులోని నందనా కోటలో ఉన్నప్పుడు ఆయన భూమినే కొలిచారు. అంతకుముందు ఖలీఫా మామూన్ కాలంలో పండితులు ఎడారిలో మైళ్లకొద్దీ నడిచి ఈ లెక్క కట్టారు. బిరూనీకి ఒక కొండ, దాని ముందు ఒక మైదానం చాలాయి. మొదట కొండ ఎత్తు కొలిచారు. తర్వాత శిఖరం మీద నిలబడి, భూమీ ఆకాశమూ కలిసినట్టు కనిపించే గీత కంటిమట్టానికి ఎంత కోణం దిగువన ఉందో చూశారు. ఈ రెండింటి నుంచే భూమి వ్యాసార్ధాన్ని లెక్కగట్టారు. ఆయన మూరల్లో చెప్పిన అంకెను నేటి కొలతలోకి మార్చడంలో పండితులకు అభిప్రాయభేదాలున్నాయి. కానీ ఆ ఉపాయం తెలివిని కాదనేవారు లేరు.

విజ్ఞానం పండితుల సొత్తుగానే మిగిలిపోవాలని ఆయన అనుకోలేదు. రైహానా అనే ఖ్వారిజ్మ్ స్త్రీ కోసం 1029లో గణితం, ఖగోళం మొదటి మెట్టు నుంచి చెబుతూ ప్రశ్నలు జవాబుల రూపంలో ‘తఫ్‌హీమ్’ రాశారు. అది అరబీలోనూ, ఫారసీలోనూ ఉంది. ఆడపిల్లలకు చదువెందుకని నేటికీ అడిగేవారు ఈ సంగతి తెలుసుకుంటే బాగుంటుంది.

ఇక ఆయనకు మన దేశంలో చిరకీర్తి తెచ్చిన గ్రంథం ‘కితాబుల్ హింద్’. హిందువుల గురించి అప్పటివరకు వచ్చిన రాతలు ఒకరిని చూసి ఒకరు రాసినవేనని, సరిచూసినవి కావని తన గురుతుల్యుడు అబూ సహల్‌తో జరిగిన సంభాషణలో చర్చకు వచ్చింది. దాంతో ఆ పనికి బిరూనీ పూనుకున్నారు. సంస్కృతం ఎంతో కష్టమనిపించినా పట్టుదలతో నేర్చుకున్నారు. పండితుల దగ్గర మొదట శిష్యుడిలా కూర్చున్నారు. తర్వాత వారికే లెక్కల మర్మాలు వివరించారు. పతంజలి యోగ గ్రంథాన్ని అరబీలోకి తెచ్చారు.

1030లో పూర్తయిన ఆ గ్రంథంలో 80 అధ్యాయాలున్నాయి. దైవభావన, ఆచారాలు, చట్టాలు, తూనికలు, నదులు, గ్రహగతులు అన్నీ అందులో ఉన్నాయి. కొండల దగ్గర పెద్ద రాళ్లు, దిగువకు పోయేకొద్దీ చిన్న రాళ్లు, నదీముఖాల దగ్గర ఇసుక ఉండడం గమనించి, ఉత్తర మైదానం ఒకనాడు సముద్రమై ఉండి, నదులు తెచ్చిన మట్టితో పూడిందని ఊహించారు.

అన్నిటికంటే గొప్పది ఆయన న్యాయదృష్టి. మనిషి అబద్ధం ఎందుకు రాస్తాడో ముందుమాటలోనే విడమరిచారు. స్వార్థం, తనవారిపై పక్షపాతం, పరులపై ద్వేషం, భయం, అజ్ఞానం కారణాలన్నారు. తమకే నష్టమైనా సత్యమే పలకాలన్న దివ్య ఖుర్ఆన్ బోధను అక్కడే గుర్తుచేశారు. హిందువుల మాటలను ముందు వారు చెప్పినట్టే రాశారు. నచ్చని చోట విమర్శించారు, తమ దేశమే గొప్పదన్న పండితుల అతిశయాన్నీ తప్పుపట్టారు. అయితే అదే పుస్తకంలో మహమూద్ దండయాత్రలు ఈ దేశ సౌభాగ్యాన్ని ధ్వంసం చేశాయని, అందుకే పండితులు దూరప్రాంతాలకు తరలిపోయారని, ప్రజల్లో ముస్లిములంటే విముఖత పెరిగిందని దాపరికం లేకుండా రాశారు. గజ్నీ కొలువులో ఉంటూ ఈ మాట రాయడానికి ఎంత గుండెధైర్యం కావాలో మనం ఊహించుకోవచ్చు.

తర్వాత సుల్తాన్ మస్ఊద్ పేరిట ‘ఖానూనె మస్ఊదీ’ అనే బృహత్ ఖగోళ గ్రంథం రాశారు. అందుకు కానుకగా పంపిన ఏనుగు మోతంత వెండిని తనకు అక్కర్లేదని తిప్పి పంపారని చెబుతారు. వృద్ధాప్యంలోనూ ఔషధాలపై పెద్ద గ్రంథం రాశారు. ఆయన రచనలు వందకు పైనే. గజ్నీలోనే 1050 ప్రాంతంలో ఆయన కన్నుమూశారు. 1887లో జర్మన్ పండితుడు ఎడ్వర్డ్ సఖావ్ ‘కితాబుల్ హింద్’ను అచ్చువేసి, మరుసటి ఏడాది ఇంగ్లీషులోకి అనువదించారు. చంద్రునిపై ఒక బిలానికి కూడా బిరూనీ పేరుంది.

ఆయన చివరి ఘడియల గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. చూడవచ్చిన మిత్రుణ్ణి మీరాస్ వాటాలకు సంబంధించిన ఒక చిక్కు అడిగారట. ఈ స్థితిలో అదెందుకని మిత్రుడు విస్తుపోతే, తెలియకుండా పోవడం కంటే తెలుసుకుని పోవడం మేలు కదా అన్నారట. మిత్రుడు వివరించి వీధిలోకి వచ్చేసరికి లోపలి నుంచి ఏడుపులు వినిపించాయట.

మన పిల్లలకు బిరూనీని పరిచయం చేసేటప్పుడు ఆయన భూమిని కొలిచారని గర్వంగా చెబుతాం. చెప్పాలి కూడా. దానితోపాటు పరుల గురించి మాట్లాడేముందు వారినే అడిగి తెలుసుకున్నారని, తనవారి తప్పును తప్పని రాశారని కూడా చెబుదాం. కొండ ఎక్కి కోణం చూడడం కంటే ఇది కష్టమైన పని. వెయ్యేళ్ల తర్వాత కూడా ఆ పని మన వంతుకు మిగిలే ఉంది.