పత్తిమిల్లు కుఱ్ఱవాడు – దుర్భిణి తుపాకి

గుండ్లకమ్మ ఒడ్డున అద్దంకి చుట్టును పరచుకొన్న నల్లరేగడి మైదానము మరుగులేని నేల. పత్తిచేను దాటినచో మిరపతోట, అదియు దాటినచో కనుచూపు మేర బయలు. ఇట్టి బయళ్లలో తిరుగు కృష్ణజింకకు కాళ్లకంటె ముందు కన్నులే రక్ష. మనుష్యుడు రెండువందల గజముల దూరమున నుండగనే అది తలయెత్తి చూచును. అతడు మరికొంత దగ్గరకు వచ్చునంతలో మంద యంతయు ఎగిరి దుముకుచు మాయమగును. మూతినుండి మందు పోసి, గుండు దింపి, కడ్డీతో దట్టించి పేల్చు నాటుతుపాకి పట్టిన పూర్వపు వేటగానికి ఆ రెండువందల గజములును సముద్రమంత. లోపల నున్నగా నుండు గొట్టము నుండి వెడలిన ఉండ అరువది, డెబ్బది గజములు దాటిన పిమ్మట ఎటు పోవునో కాల్చినవానికే తెలియదు. కావున ఎద్దును అడ్డము పెట్టుకొని దాని చాటున నక్కుచు పోవుట ఒక విద్యగా నుండెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో ఆ వేటకు కాలము చెల్లినది. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమృగమై గౌరవము నందుచున్నది. అది మేలే. కాని మూతినుండి కూరు తుపాకితో దూరమును జయించుట ఎట్లను ప్రశ్న ఒక కాలమున గొప్ప బుద్ధిమంతులనే వేధించినది.

ఆ చిక్కును పట్టి విప్పినవాడు వేటగాడు కాడు, సైనికుడు కాడు. పత్తిమిల్లులో మరలు చూచి పెరిగిన పనివాడు. అతని తుపాకియు మూతినుండి మందు కూరునదే. ఐనను దాని గుండు వేయి గజముల దూరమున గూడ లెక్క తప్పక పోయెను. దాని ప్రక్కన బిగించిన దుర్భిణి ఆ దూరమును కంటికి నాలుగవ వంతు చేసి చూపెను. అతడే సర్ జోసెఫ్ విట్‌వర్తు. పాత మిల్లు యంత్రములు విప్పి బిగించిన మేస్త్రీలకు ఆ పేరు బోల్టు మరచుట్టు పేరుగ చిరపరిచితము. అతని తుపాకి సంగతి ఎఱిగినవారు తక్కువ.

విట్‌వర్తు 1803 డిసెంబరు 21వ తేదీన ఇంగ్లండులో మాంచెస్టరు చెంతనున్న స్టాక్‌పోర్టులో జన్మించెను. ధవళేశ్వరము ఆనకట్ట కట్టించిన కాటను దొర పుట్టినదియు ఆ యేడే. తండ్రి బడిపంతులు. పిల్లవానికి పదేండ్లు దాటునంతలో తల్లి పోయెను. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు కాదలచి, బిడ్డలను పరుల పాలు చేసి తన చదువునకు తాను పోయెను. పదునాలుగవ యేట జోసెఫ్ డెర్బీషైరులోని మేనమామ పత్తిమిల్లులో చేరెను. మేనమామ అతనిని తన వ్యాపారమునకు తగినవానిగ తీర్చదలచెను. కుఱ్ఱవానికి మాత్రము బేరములు రుచింపలేదు, యంత్రములు రుచించినవి. నాలుగేండ్లలో అచటి యంత్రముల గుట్టంతయు గ్రహించెను. అవి యెంత మోటుపనితో కూర్పబడినవో కూడ గ్రహించెను. ఒకనాడు చెప్పకుండ మాంచెస్టరునకు పారిపోయి యంత్రశాలలో కూలికి కుదిరెను. 1825లో పెండ్లి చేసికొని, ఆ వెనుక లండను చేరి, ఆ కాలపు యంత్రనిర్మాతలలో అగ్రగణ్యుడైన హెన్రీ మాడ్‌స్లే కార్ఖానాలో పనికి నిలిచెను.

అచట అతని మనస్సును పట్టుకొన్న సమస్య వినుటకు అల్పముగ తోచును: ఇనుపపలకను నిజముగ చదును చేయుట ఎట్లు? అంతవరకు రెండు పలకల నడుమ రాపిడిపొడి వేసి నూరెడివారు. కాని తిరగలి రాళ్లు రెండును ఒకదానిపై నొకటి చక్కగ కూర్చున్నంతమాత్రమున అవి చదునని చెప్పరాదు గదా! ఒకటి ఉబ్బుగను వేరొకటి పల్లముగను ఉన్నను కూర్చుండును. పలకలు మూడైనచో ఆ మోసము సాగదు. మొదటిదానిని రెండవదానితోను, రెండవదానిని మూడవదానితోను, మూడవదానిని మరల మొదటిదానితోను సరిచూచుచు, ఎత్తుగానున్న చోట్లకు రంగు అంటించి గుర్తించి, ఉలితో గీకుచు పోయినచో, మూడును ఒకదానికొకటి అంటుకొనునట్టి స్థితి నిజమైన చదును ఒక్కటే. ఈ యుపాయమునకు మూలము మాడ్‌స్లే శాలలోనే యున్నదనువారు కలరు. అది యెట్లున్నను, దానిని శాస్త్రముగ తీర్చి 1840లో పండితసభలో లోకమునకు చెప్పినవాడు విట్‌వర్తు. అతని తక్కిన జీవితమంతయు ఈ పలక మీదనే నిలిచినది. కొలత సరిగానిదే ఏ గొప్పయు నిలువదని అతని నమ్మకము.

1833లో మాంచెస్టరునకు తిరిగివచ్చి సొంత కార్ఖానా తెఱచెను. అప్పుడు ఒక్కొక్క శాలలో బోల్టు మరచుట్టు ఒక్కొక్క తీరు. ఒకచోట చేసిన నట్టు మఱియొకచోటి బోల్టునకు పట్టదు. అతడు పెక్కు శాలల బోల్టులు తెప్పించి, కొలిచి, 55 డిగ్రీల కోణముతో ఒకే క్రమమును 1841లో ప్రతిపాదించెను. రైలు కంపెనీలు దానిని చేపట్టినవి. ఆంగ్లేయుల యంత్రములు పోయిన దేశములన్నిటికి అదియు పోయినది, మన దేశమునకును వచ్చినది. 1851లో లండను మహాప్రదర్శనమున అంగుళములో పదిలక్షలవ వంతును పట్టగల కొలత యంత్రమును చూపి చూపరులను విభ్రాంతులను చేసెను.

ఇట్టివాని చేతికి తుపాకి వచ్చుట 1854లో. క్రిమియా యుద్ధపు దినములవి. ఎన్‌ఫీల్డు తుపాకులను చేయు యంత్రములు కావలెనని ప్రభుత్వమువారు అతనిని అడిగిరి. ఆ తుపాకి అట్లేల చేయబడినదని అతడు ఎదురు ప్రశ్నించెను. గొట్టము ఇంత వెడల్పేల? లోపలి మెలిక ఇంత వదులేల? సమాధానము చెప్పగలవారు లేకపోయిరి. యంత్రములకు ముందు పరీక్షలు కావలెనని అతడు పట్టుపట్టెను. ప్రభుత్వపు ఖర్చుతో మాంచెస్టరులో అతని యింటి యావరణలో ఐదువందల గజముల పొడవున గాలి చొరకుండ ఒక కప్పుగల సాల నిర్మింపబడెను. గాలివాన మొదటి కట్టడమును పడగొట్టగా మరల కట్టిరి. దారిపొడవున పలుచని కాగితపు తెరలు వ్రేలాడదీసి, గుండు చేసిన రంధ్రములనుబట్టి అది యేయేచోట ఎంత దిగినది, ఎటు ఒరగినది కొలిచిరి. తుపాకి చరిత్రలో గురిని గాక గుండు నడకను చదివిన చోటు అది.

ఎన్‌ఫీల్డు గొట్టము వెడల్పు అంగుళములో 577 వేయవ వంతులు. లోపలి చాళ్లు ఒక చుట్టు తిరుగుటకు 78 అంగుళములు పట్టును. విట్‌వర్తు గొట్టమును 451 వేయవ వంతులకు కుదించెను, చుట్టును 20 అంగుళములకు బిగించెను. చాళ్లకు బదులు గొట్టము లోపలనే ఆరు పలకలుగ తీర్చి, దానికి సరిపోవు పొడవైన ఆరుపలకల గుండు పోసెను. బొంగరము ఎంత వడిగ తిరిగిన అంత నిటారుగ నిలుచును. పొడవైన గుండును అంతే. 1857లో హైత్ అను చోట రెండు తుపాకులను పోటీకి పెట్టిరి. ఐదువందల గజములలో ఎన్‌ఫీల్డు గుండ్లు సగటున రెండడుగులకు మించి చెదరగా, విట్‌వర్తు గుండ్ల చెదురు అడుగులో సగము గూడ లేకపోయెను.

ఐనను సేనాధికారులు దానిని నిరాకరించిరి. ఇరుకు గొట్టములో నల్లమందు మసి త్వరగ పేరుకొనును, కొన్నిమార్లు కాల్చిన పిమ్మట గుండు దింపుట కష్టము, వెల మిక్కిలి హెచ్చు అని వారి వాదము. ఈ నిందలో నిజము లేకపోలేదు. యుద్ధభూమిలో తడబడు చేతులతో కూరుకొను సామాన్య సైనికునకు అది తగిన ఆయుధము కాదు. మసి తుడుచుకొనుటకు తీరికయు, ఒక్క గుండుతో పని ముగించు ఓర్పును గలవానికే అది తగును. వేటగాడు అట్టివాడు.

1860 జూలైలో వింబుల్డన్ మైదానమున జాతీయ రైఫిల్ సంఘపు తొలి పోటీలను విక్టోరియా రాణి ప్రారంభించినపుడు, దిమ్మె మీద బిగించిన విట్‌వర్తు తుపాకికి కట్టిన పట్టుత్రాటిని ఆమె లాగెను. నాలుగువందల గజముల అవతల గుండు కేంద్రమునకు రెండంగుళముల లోపున తగిలెను. ఆ యేడు రాణీ బహుమానమును విట్‌వర్తు తుపాకితో గెలిచిన ఎడ్వర్డు రాస్ అను యువకుడు, స్కాట్లండు కొండలలో దుప్పివేటకు పేరుమోసిన హొరేషియో రాస్ కుమారుడు. అద్దంకి బయళ్లలో జింకకు వలెనే ఆ చెట్టులేని కొండలలో దుప్పికిని దూరదృష్టియే కవచము. విట్‌వర్తు శాల నుండి వేట తుపాకులును వెలువడెను.

గొట్టము అంత నమ్మదగినదైన పిమ్మటనే దుర్భిణి మాట వచ్చినది. బొంబాయి సైన్యములో పనిచేసి వచ్చిన డేవిడ్‌సన్ అను సేనాని తుపాకికి అమర్చు దుర్భిణి నొకదానిని రూపొందించి 1862లో హక్కుపత్రము పొందెను. అది సన్నని పొడవాటి గొట్టము. బొమ్మను సుమారు నాలుగింతలు పెంచును. దానిని తుపాకి పైన గాక ఎడమ ప్రక్కన బిగించుట అతని తెలివి. అందుచే మామూలు గురిముల్లు, గురిగంటు మరుగుపడవు. దుర్భిణి చెడినను, లేడి అకస్మాత్తుగ దగ్గర లేచినను, వేటగానికి పాత దారి తెఱచియే యుండును. దూరమునకు తగినట్లు దుర్భిణి వాలును మార్చి బిగించు మరయు కలదు.

ఇట్టి తుపాకికి దుర్భిణి ఎన్నుకొనువాడు ఎంత పెద్దదిగ చూపును అని మాత్రమే అడిగినచో మోసపోవును. బొమ్మ పెరిగినకొలది కనబడు మేర తగ్గును. పరుగెత్తు జింక అద్దములో చిక్కదు. చేతి వణకును బొమ్మతోపాటు పెరుగును. ఉదయ సంధ్యల మసక వెలుగులో అద్దము మరింత చీకటియగును. నల్లమందు వెనుకకు తన్ను తన్నునకు ఇత్తడి అంచు కనుబొమను కొట్టును. అమెరికా యుద్ధములో ఈ దుర్భిణిని వాడిన భటుల కన్నులు నల్లగ కమలెడివి. కంటికిని అద్దమునకును తగినంత ఎడము, తన్నునకు కదలని బిగింపు, నాలుగింతలకు మించని పెంపు, ఇవి దొరికినచో అదృష్టము.

వీనికంటె పెద్ద చిక్కు వేరొకటి కలదు. దుర్భిణి దూరమును కంటికి తగ్గించును గాని గుండునకు తగ్గింపదు. విట్‌వర్తు గుండు రెండువందల గజములు పోవునప్పటికి సుమారు నాలుగడుగులు క్రిందికి జారును. దానికి తగినట్లు గురి కూర్చుకొన్న వేటగాడు రెండువందల యేబదిని రెండువందలని పొరబడినచో, గుండు అడుగున్నరకు పైగా దిగువన పోవును. కృష్ణజింక ఎత్తు భుజము వద్ద రెండున్నర అడుగులే. గుండె మీద పెట్టిన గురి కాలు విఱుచును. కుంటుచు పొదలలోనికి పోయి మెల్లగ చచ్చు మృగము పాపము అద్దముది కాదు, కొలత తెలియని కంటిది. అరువది గజములలోనికి నక్కిపోలేక ఇంటికి మరలిన నాటుతుపాకి వేటగాని వలన జింకకు ఈ బాధ తప్పినది. దుర్భిణి అతనికి ఆ వెనుకాడుటను మాన్పించును. విట్‌వర్తు ముందు గొట్టమును, గుండు నడకను కొలిచి, పిమ్మట కంటిని గూర్చి తలచుటలోని విజ్ఞత ఇచటనే కనబడును.

ఆ తుపాకి జింకలతో ఆగలేదు. 1861లో అమెరికాలో ఉత్తర దక్షిణ రాష్ట్రములకు యుద్ధము రేగెను. దక్షిణపు పత్తి ఆగి మాంచెస్టరు మిల్లులు మూతపడెను. పత్తికై ఇంగ్లండు వర్తకులు ఇండియాకేసి చూడగా ఇచట ధరలు పెరిగి, కోస్తా నల్లరేగడి రైతులు ఎన్నడు నెఱుగని వెల కండ్లజూచిరి. మాంచెస్టరులో పస్తులున్న మిల్లు కార్మికులు 1862 డిసెంబరు 31న సభచేసి, బానిసత్వమును తొలగింపబూనిన లింకనునకు మద్దతు తెలిపిరి. అదే ఊరి విట్‌వర్తు తుపాకులు కొన్ని ఓడల కాపలా తప్పించుకొని బానిసల యజమానుల సైన్యమునకు చేరెను. వానిలో కొన్నిటికే డేవిడ్‌సన్ దుర్భిణి యుండెను. మేటి గురికాండ్రకే వాని నిచ్చిరి. 1864 మే 9న స్పాట్‌సిల్వేనియా వద్ద ఉత్తరపు సేనాని జాన్ సెడ్జివిక్, తన భటులు దూరపు గుండ్లకు తలవంచుట చూచి పరిహసించుచు నిలుచుండగా కంటి క్రింద గుండు తగిలి కూలెను. అది విట్‌వర్తు గుండేయని పలువురి నమ్మకము, నిరూపణ లేదు. పత్తిమిల్లులో పెరిగినవాడు ఆ మిల్లుల కార్మికుల హృదయము ఒక వైపు నుండగా తన పనితనము వేరొక వైపున వాడబడుటను చూడవలసివచ్చెను. అతని ఫిరంగులు మాత్రము ఇరుపక్షములందును మ్రోగినవి.

మూతినుండి కూరు తుపాకుల కాలము అంతలో ముగిసినది. 1871లో బ్రిటిషు సైన్యము వెనుకనుండి గుండు పెట్టు మార్టిని-హెన్రీ తుపాకిని స్వీకరించెను. దాని గొట్టము వెడల్పు అంగుళములో 450 వేయవ వంతులు, చుట్టు 22 అంగుళములు. మిక్కిలి ఇరుకని పదునాలుగేండ్ల నాడు త్రోసిన కొలతకే అధికారులు చేరిరి.

విట్‌వర్తు ఆ వివాదములతో విసిగియు పని మానలేదు. కరగిన ఉక్కును గట్టిగ అదిమి లోపలి బుడగలు పోగొట్టు పద్ధతిని కనిపెట్టెను. వేట తుపాకుల గొట్టములకు ఆ ఉక్కు చాలకాలము ప్రసిద్ధి వహించినది. 1868లో యంత్రవిద్య చదువు యువకులకై ఏటేట ముప్పది విద్యార్థి వేతనములు, ఒక్కొక్కటి నూరు పౌనులు, ఏర్పాటు చేసెను. చేతిపని, శాస్త్రము రెండును వచ్చినవారికే అవి దక్కవలెనని నియమించెను. 1869లో సర్ బిరుదు వచ్చెను. బిడ్డలు లేని అతని ఆస్తిలో చాల భాగము మాంచెస్టరు విద్యాలయములకును, వైద్యశాలలకును, చిత్రశాలకును పోయినది. చలికాలమునకు మాంటీకార్లో పోయి, 1887 జనవరి 22న అచటనే మరణించెను. దేహమును డెర్బీషైరులోని డార్లీడేలునకు తెచ్చి, పారిపోయి వచ్చిన మేనమామ మిల్లునకు కొలది మైళ్ల దూరముననే పూడ్చిరి.