ఆవగింజ వంశవృక్షం

పోపుల పెట్టెలో ఆవాలు లేని తెలుగిల్లు ఉండదు. ఆవపిండి లేనిదే ఆవకాయకు ఆ పేరే రాదు. నర్సీపట్నం సంతలో రాశులుపోసే క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి ఆవాల కుటుంబానికి చెందినవే. ఈ కుటుంబపు బంధుత్వాలను లోకానికి తేటపరచిన శాస్త్రజ్ఞుడు ఊ జాంగ్ చున్. జపాను వారు ఆయనను ఊ నాగహరు అని పిలిచారు.

ఆయన 1898లో టోక్యోలో జన్మించారు. తల్లి జపాను వనిత. తండ్రి కొరియా సైనికాధికారి. 1895లో జరిగిన కొరియా మహారాణి హత్యతో సంబంధముండడంచేత ఆయన స్వదేశం విడిచి జపానుకు పారిపోయాడు. 1903లో ప్రతీకారానికి బలి అయ్యాడు. అప్పటికి కుమారునికి అయిదేళ్లు. పేదరికంవల్ల తల్లి అతనిని కొంతకాలం ఒక బౌద్ధాలయపు అనాథాశ్రమంలో ఉంచవలసి వచ్చింది. కొరియా వారికి ద్రోహి కుమారుడు, జపాను వారికి పరాయి బిడ్డ. అయినా ఊ అనే ఇంటిపేరును ఆయన తన పరిశోధన పత్రాలలో విడిచిపెట్టలేదు.

టోక్యోలో వ్యవసాయశాస్త్రం అభ్యసించి, ప్రభుత్వ ప్రయోగక్షేత్రంలో చేరారు. పూర్వ పరిశోధకులు లెక్కించిన క్రోమోసోమ్‌ల సంఖ్యలను ఆధారం చేసుకొని, మొక్కలను సంకరపరచి 1935లో ఒక గొప్ప సత్యాన్ని ప్రకటించారు. టర్నిప్‌లో క్రోమోసోమ్‌లు 20, క్యాబేజీలో 18, నల్ల ఆవాలలో 16. మనం వాడే ఆవాలలో 36. అంటే టర్నిప్, నల్ల ఆవాల కలయిక. నూనెగింజ అయిన రేప్‌లో 38. అది టర్నిప్, క్యాబేజీల సంతానం. ఇథియోపియా ఆవాలలో 34. అది నల్ల ఆవాలు, క్యాబేజీల సంతానం. దీనినే ఊ త్రికోణం అంటారు. రెండు జాతులు కలిసి మూడవ జాతి పుట్టగలదని దీనితో రుజువైంది.

కలిసి సంక్రమించే జన్యువుల వరుసను సహలగ్నత సమూహం అంటారు. ఒక్కొక్క సమూహం ఒక్కొక్క క్రోమోసోమ్ జతకు చెందుతుంది. కనుక క్యాబేజీకి తొమ్మిది, టర్నిప్‌కు పది సమూహాలు. అయితే ఏ సమూహం ఏ క్రోమోసోమ్‌దో తెలుసుకోవడం సులభం కాలేదు. ఈ క్రోమోసోమ్‌లు మిక్కిలి చిన్నవి, చూపుకు ఒకేలా ఉంటాయి. ప్రకాశించే రంగులు పూసిన డి.ఎన్.ఏ. ముక్కలను వాటికి అంటించి, 2002లో శాస్త్రజ్ఞులు క్యాబేజీ సమూహాలను క్రోమోసోమ్‌లతో జతపరచారు. తెగుళ్లను తట్టుకొనే వంగడాల సృష్టికి ఇటువంటి జ్ఞానం తోడ్పడుతుంది.

స్వాతంత్ర్యానంతరం కొరియాలో కూరగాయల విత్తనాలకు కొరత ఏర్పడింది. ఆ దేశం ఆహ్వానించగా, 1950లో ఊ తన కుటుంబాన్ని జపానులో విడిచి బయలుదేరారు. కొద్ది నెలలకే యుద్ధం చెలరేగింది. అయినా బుసాన్‌లో నాణ్యమైన క్యాబేజీ, ముల్లంగి విత్తనాలను ఉత్పత్తి చేసి రైతులకు అందించారు. 1953లో తల్లి మరణించినప్పుడు కడసారి చూడడానికి ఆయనకు ప్రయాణానుమతి లభించలేదు. పరామర్శగా వచ్చిన ధనంతో సంస్థ ఆవరణలో ఒక బావి త్రవ్వించి, దానికి మాతృప్రేమను స్మరించే పేరు పెట్టారు. 1959 ఆగస్టులో మరణశయ్యపై జాతీయ పురస్కారం అందుకొని, మూడు రోజులకు కన్నుమూశారు.

తండ్రి చేసిన తప్పుకు ఆయన బాధ్యుడు కాడు. అయినా ఆ దేశపు ఋణం తీర్చుకోవడం తన ధర్మమని తలచారు. రెండు జాతుల కలయిక కొత్త బలాన్నిస్తుందని మొక్కలలో నిరూపించిన ఆ మహనీయుడు, రెండు దేశాల బిడ్డగా ఆ సత్యాన్నే జీవించి చూపారు.